నల్లా షెడ్డులో పికప్పు తలుపు

బొంబాయి కామాటిపురాలో ఒక గల్లీ చివర రేకుల షెడ్డు ఉంది. దాని పేరు మంచిది కాదు. ఫాక్‌లాండ్ రోడ్డుకు అటే దగ్గర దారి. అయినా చీకటి పడ్డాక అందరూ చుట్టూ తిరిగే పోతారు.

కారణం మల్లవ్వ. ఆ షెడ్డు గోడకు ఒకప్పుడు మంచి ధార పడే నల్లా ఉండేది. తెల్లవారుజామున నాలుగింటికి నీళ్ళొచ్చేవి. మల్లవ్వ అందరికంటే ముందు బిందె పెట్టుకుని కూర్చునేదట. ఒకరోజు అలా కూర్చునే పోయింది. వెనకవాళ్ళు ఆమె బిందె కాస్త పక్కకు జరిపి, తమ నీళ్ళు తాము పట్టుకున్నారు. నిద్రపోతోందనుకున్నారని కొందరంటారు, తెలిసే పట్టుకున్నారని కొందరంటారు. ఆ నెలలోనే నల్లా ఎండిపోయింది. అప్పటినుంచి, నాలుగింటికి, ఆ ఎండు నల్లా కింద ఖాళీ బిందె చప్పుడు...

ఊళ్ళలో దెయ్యాలు అర్ధరాత్రి పన్నెండింటికి తిరుగుతాయంటారు. బొంబాయి దెయ్యాలకు అంత తీరిక లేదు. నీళ్ళ వేళ ఇక్కడ చచ్చినా తప్పదు.

బండ్ల రేకుపని చేసే పెద్దయ్యకు ఈ కథ మీద నమ్మకం లేదు. అందుకే ఆ షెడ్డు తీసుకున్నాడు. నమ్మేవాళ్ళ పుణ్యమా అని ఏళ్ళతరబడి ఖాళీగా ఉంది మరి. ఆయన తాతలు పాలమూరు నుంచి రాళ్ళు మోయడానికి వచ్చినవాళ్ళు. ఈయన చేతికి సుత్తి వచ్చింది. సొట్టలు తీయడం, తుప్పు కోసి కొత్త రేకు అతకడం—నలభై ఏళ్ళుగా అదే పని. వయసు అరవై నాలుగు.

శైలేష్ అనే ఆయన తన తండ్రి కూరగాయలు మోసిన ముసలి పికప్పును తెచ్చి అప్పగించాడు. వచ్చే ఆదివారం కొత్త దుకాణం తెరుస్తున్నాడు. ముందర ఆ బండి నిలబెట్టాలని కోరిక. ఇంజను ఇంకెవరో చూశారు. రంగుకు ముందు పూసే బూడిదరంగు ప్రైమరు కొట్టడం దాకా పెద్దయ్య పని సాఫీగానే సాగింది. మిగిలింది తలుపులు కూర్చోబెట్టడం.

కూర్చోబెట్టడమంటే బోల్టులు బిగించి చేతులు దులుపుకోవడం కాదు. తలుపుకూ ముందరి మడ్‌గార్డుకూ నడుమ సందు పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పుండాలి. పైన వేలు దూరి కింద గోరు దూరకపోతే, ఎంత ఖరీదైన రంగు వేసినా బండి మూతి వంకరగానే కనబడుతుంది. ఈ సందు చూడడానికి కుర్రవాళ్ళ దగ్గర ఏవేవో కొలతబద్దలున్నాయి. పెద్దయ్య దగ్గర రెండు పాత అయిదు రూపాయల బిళ్ళలుండేవి—ఇప్పటి పలచటివి కాదు, ఆనాటి లావువి. రెండూ జోడించి పట్టుకుని సందులో పైనుంచి కిందికి జార్చేవాడు. ఎక్కడా ఇరుక్కోకూడదు, ఎక్కడా ఊగకూడదు. అలా మూడుసార్లు. తరువాత అదే చేత్తో కళ్ళ మీది చెమట తుడుచుకునేవాడు.

ఆదివారం సాయంత్రం డ్రైవరు వైపు తలుపు అలా కూర్చోబెట్టి ఇంటికి పోయాడు. సోమవారం పొద్దున చూస్తే... కింద వెంట్రుకంత బిగుసుకుని ఉంది.

మళ్ళీ సరిచేశాడు. మంగళవారం మళ్ళీ అంతే.

బుధవారం మరీ విడ్డూరం. పనిముట్లు ఆ క్యాబిన్‌లోనే పెట్టేవాడు కాబట్టి, రాగానే మొదట ఆ తలుపే తెరిచాడు. ఎక్కడో ‘కటక్’ మంది. మూసి చూస్తే తలుపు వేలెడు కిందికి వేలాడింది. గురువారం కూడా అదే ‘కటక్’.

ఆ మధ్యాహ్నం శైలేష్ వచ్చి సందు మీద వేలు రాసి చూశాడు. శనివారం దాకా ఆగుతాననీ, కుదరకపోతే నాగ్‌పాడాలో మెషీన్లున్న వర్క్‌షాపుకు పంపిస్తాననీ అన్నాడు. కోప్పడలేదు. పోతూ పోతూ హిందీలో మెత్తగా, "కాకా, మీరిక ఆరాం చేయండి," అన్నాడు.

తిట్టినా బాగుండేది.

రెండు నెలల కిందట కళ్ళ డాక్టరు పెద్దయ్యకు రెండు కళ్ళలోనూ పొర వస్తోందని చెప్పాడు. భార్య కిష్టమ్మతో మాత్రం ఈయన ఏమీ లేదట అనేశాడు. ఇప్పుడు తలుపు తప్పుతున్నది కన్ను వల్లనైతే, పోయేది ఒక్క పికప్పు కాదు, నలభై ఏళ్ళ పని. అందుకని, దెయ్యాల్ని నమ్మని పెద్దయ్య, ఆ సాయంత్రం ఎండు నల్లా వైపు చూసి మనసులో అనుకున్నాడు—మల్లవ్వా, ఇది నువ్వే అయితే ఎంత బాగుండు.

భజన ఉందని ఇంట్లో చెప్పి, రాత్రికి షెడ్డులోనే ఉండిపోయాడు. క్యాబిన్‌లోకి ఎక్కి తలుపు మూసుకున్నాడు. కిటికీకి ఇంకా అద్దం వేయలేదు.

రెండయింది. మూడయింది. దూరంగా గ్రాంట్ రోడ్డు వైపు ఏదో టాక్సీ హారను... ఆ తరువాత అదీ లేదు.

నాలుగు.

గల్లీలో బిందె చప్పుడు వినిపించింది. ఎదురుగా తాముండే గదుల వరస చాల్‌లో నీళ్ళ వేళ కదా అనుకున్నాడు. కానీ చప్పుడు చాల్ వైపు పోలేదు. ఇటే వస్తోంది—ఒక్కొక్క అడుగూ వేస్తూ, మెట్టెలు నేలకు తాకుతూ...

షెడ్డు రేకు కిర్రుమంది.

ఎండు నల్లా కింద నీళ్ళు పడ్డాయి. సన్నగా, ఆగి ఆగి. ఏళ్ళుగా చుక్క లేని చోట.

పెద్దయ్య వీపు సీటుకు అంటుకుపోయింది. అడుగులు బండి దాకా వచ్చాయి. గాజుల చెయ్యి ఒకటి చీకట్లోంచి వచ్చి మడ్‌గార్డును తడిమింది. సందులో ఇనుము ఇనుముతో రాసుకుంది. చెవి పక్కనే గుసగుస—

"అక్కా... ఆయన కండ్లు నిలబెట్టు. నీ వంతు నీళ్ళు పోసిన."

ఆ గొంతు ఆయన నలభై ఏళ్ళుగా వింటున్నదే.

"కిష్టీ?"

బిందె జారి దొర్లింది. కిష్టమ్మ కేక వేయలేదు. వంగి బిందె అందుకుని, ఊపిరి అందాక అంది.

"భజన ఈడనా?"

"నువ్వేం చేస్తున్నవ్?"

"నువ్వు చేసేదే."

రోజూ సాయంత్రం ఆమె చాల్ గ్యాలరీలోంచి చూస్తోంది. మొగుడు రెండు బిళ్ళలు బండికి మూడుసార్లు దిగదీసి, ఆ చెయ్యి కళ్ళకు అద్దుకుంటున్నాడు. డాక్టరు చిట్టీ అంగీ ఉతికేటప్పుడు జేబులో దొరికింది. ఇది మల్లవ్వకు మొక్కు కాక మరేమిటి?

"నాకు చెప్పకుంట దెయ్యానికి చెప్పుకుంటున్నవ్ అనుకున్న. సరే తియ్, నేను గూడ ఆమెకే చెప్పుకున్న."

పెద్దయ్య కిటికీలోంచే బయటికి దూకి టార్చి వేశాడు. సందు అడుగున కిష్టమ్మ తెచ్చి పెట్టిన రెండు లావు బిళ్ళలు, సరిగ్గా సరిపోయి, ప్రైమరు రంగులో కలిసిపోయి ఉన్నాయి. ఇప్పుడు తెలిసింది. పొద్దున ఆయన తలుపు తెరవగానే బిళ్ళలు నడుమ నలిగి, మడతబందు మెలిపడుతోంది. బిళ్ళలు మడ్‌గార్డు లోపలికి రాలిపోతున్నాయి. అదే ఆ ‘కటక్’.

నవ్వొచ్చింది. గుండె మీంచి బండరాయి దిగినట్టయింది.

"నా కన్ను కాదే... నీ మొక్కు. ఐతారం సంది రోజూ పెడుతున్నవా?"

"ఐతారమెక్కడిది? బుధారం సంది. మంగళారం రాత్రి నువ్వు అన్నం ముట్టకుంట పండుకున్నవ్ గద... ఆ తెల్లారుజామున మొదలుపెట్టిన."

పెద్దయ్య నవ్వు సగంలో ఆగింది.

"మరి సోమారం... మంగళారం...?"

దానికి ఉన్నవి రెండే జవాబులు. అందులో ఒకటి కిష్టమ్మ డాక్టరు చిట్టీలో చదివింది. ఆయన టార్చి వెలుగు నల్లా మీదికి తిప్పాడు.

"మల్లవ్వే," అంది కిష్టమ్మ.

"అవ్," అన్నాడు పెద్దయ్య. "మల్లవ్వే."

శుక్రవారం పట్టపగలు తలుపు మళ్ళీ కూర్చోబెట్టారు. బోల్టులు ఆయన తిప్పాడు, సందు కిష్టమ్మ చూసింది. శనివారం శైలేష్ వేలు రాసి చూసి, బండి తీసుకుపోయాడు.

ఆ షెడ్డులో దెయ్యం ఉందా అని ఇప్పుడెవరైనా అడిగితే, పెద్దయ్య ఉందనే చెబుతాడు. లేదని ఎవరైనా వాదనకు దిగితే మాత్రం, కిష్టమ్మ కొట్టినంత పని చేస్తుంది.