బొగ్గు మింగిన గోలీలు

మందుల దుకాణం పరమేష్ ఇచ్చిన గోలీల వల్లే కుక్క కార్జం చెడింది. బీరప్ప ఇంట్లో ఇది తేలిపోయిన సంగతి. తేల్చింది బీరప్పే.

కుక్క పేరు బొగ్గు. పేరుకు తగ్గ రంగు. గొర్రెల మందకు కాపలా ఉంటుందని బీరప్ప భార్య గుర్వమ్మ ఎక్కడినుంచో చంకలో పెట్టుకుని తెచ్చిన పిల్ల. గుర్వమ్మ పోయి నాలుగేళ్లు. మందను అమ్మేశారు. కుక్కను అమ్మే మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

కూతురు మల్లిక జడ్చర్లలో ఒక గోలీల కంపెనీలో క్వాలిటీ సెక్షన్లో పనిచేస్తుంది. పొద్దంతా తప్పులు వెతకడమే ఆమె కొలువు. ఒకరోజు బొగ్గు కళ్లు పచ్చగా కనిపించాయి ఆమెకు. వెంటనే ఆటోలో వేసుకుని పశువుల దవాఖానకు తీసుకుపోయింది. డాక్టర్ కాలేయం దెబ్బతిన్నదని నాలుగు రోజులు సూదులు వేసి, సెలైన్ ఎక్కించి, గండం గడిచాక అడిగాడు.

"జ్వరం గోలీ ఏమన్న ఏసిన్రా? మనుషులు మింగేది?"

మల్లిక తండ్రి వైపు చూసింది.

"మందుల దుకాణం పిలగాడు ఇచ్చిండు," అన్నాడు బీరప్ప.

"ఏ దుకాణం బాపూ?"

దుకాణం దవాఖానకు ఎదురుగానే ఉంది. రేకుల పంచ, బయట దాణా బస్తాలు, లోపల గల్లా వెనక ఒక సన్నపాటి కుర్రాడు.

"నువ్వేనా పరమేష్?"

"నేనే మేడం. ఏం కావాలె?"

"బుద్ధి. ఉంటే ఒక సీసా ఇయ్యి."

"స్టాక్ లేదు మేడం. రేపొస్తది."

"నవ్వుతున్నవా? కుక్కకు జ్వరం గోలీలు ఎట్లిచ్చినవ్? మూడు రోజులు, పూటకొకటి! దాని కార్జం ఏమైతదో తెల్వదా? గిట్లనేనా దుకాణం నడిపేది?"

పరమేష్ నోరు తెరిచాడు. ఆమె భుజం మీదుగా బీరప్పను చూశాడు. బీరప్ప గోడ మీది క్యాలెండర్ చూస్తున్నాడు. అది పోయినేటి క్యాలెండర్.

పరమేష్ నోరు మూసుకున్నాడు. "తప్పయింది మేడం," అన్నాడు.

బీరప్ప ఈ మాటను క్షమించలేదు. ఎందుకంటే జరిగింది వేరు. వారం కిందట ఇదే గల్లా ముందు నిలబడి, తనకు జ్వరమొచ్చినప్పుడు మిగిలిన గోలీల అట్ట చూపించి, ఒళ్లు కాలుతున్న కుక్కకు వెయ్యొచ్చా అని అడిగింది బీరప్ప. "అస్సలెయ్యకు పెద్దనాయినా, కుక్క కార్జం తట్టుకోదు," అన్నది పరమేష్. ఎక్కువ ధర మందు అంటగట్టడానికి వేషాలేస్తున్నాడనుకుని, ఇంటికిపోయి వేసింది బీరప్పే.

పరమేష్ నలుగురిలో నిజం చెప్పి తిట్టి ఉంటే బీరప్ప ఎప్పుడో మరిచిపోయేవాడు. వాడు తిట్టలేదు, కాపాడాడు. అది మరవడం కష్టం.

డాక్టర్ నెల రోజులకు ఒక గోలీ, ఒక టానిక్ రాశాడు. "గివి రోగం తగ్గించే మందులు కావు. కార్జం కోలుకునేదాక ఆసరా, అంతే. కొవ్వు మాంసం పెట్టకుండ్రి. నెలకు మల్ల రక్తం చూద్దాం," అన్నాడు.

కుక్కల టానిక్ ఆ చుట్టుపక్కల పరమేష్ దుకాణంలోనే దొరుకుతుంది. మల్లిక ఆ గడప తొక్కనంది. కాబట్టి తొక్కడం బీరప్ప వంతయింది.

రెండో రోజే పోవలసి వచ్చింది.

"గోలీ ఉమ్మేస్తున్నది. నీ మొఖం యాదికొస్తుండొచ్చు అన్నది మా పిల్ల."

"ఎట్లేసిన్రు పెద్దనాయినా?"

"ముక్కలు చేసి, అన్నంల కలిపి."

పరమేష్ తల పట్టుకున్నాడు. "గది విరగ్గొట్టేది కాదు. తెల్లారి ఉత్త కడుపున, తిండికి గంట ముందు, నిండు గోలీ మింగియ్యాలె. గోలీల కంపెనీల కొలువు చేసే మేడంకు దాని మీది పొర ఎందుకుంటదో తెల్వదా అని అడుగు."

బీరప్ప ఒక్క ముక్క తగ్గించకుండా అడిగాడు. మల్లిక ముఖం ఎర్రబడింది. అటు తిరిగి కుక్క చెవులు సవరించడం మొదలుపెట్టింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుపేమో అనుకున్నాడు. నవ్వు.

"ఏమన్నది పెద్దనాయినా?" మర్నాడు పరమేష్ అడిగాడు.

"పటపట పండ్లు కొరికింది."

"టానిక్ తాగుతున్నదా?"

"కుక్కనా? మూతి తిప్పుతున్నది. నువ్వొకసారి తాగి చూడమన్నది మా పిల్ల."

పరమేష్ మూత తీసి, చెంచాడు పోసుకుని, బీరప్ప ఎదుటే తాగాడు. "తియ్యగనే ఉన్నదని చెప్పు."

"ఇగ నీ కార్జానికి ఫికర్ లేదట," అన్నాడు బీరప్ప రెండు రోజుల తర్వాత. "బుద్ధికి కూడ ఏదన్న తాగుమన్నది."

"రేపొస్తది స్టాక్ అని మొదటి రోజే చెప్పిన కద!"

సీసా ఖాళీ కాకున్నా బీరప్పకు పని తగులుతూనే ఉంది. చెంచా ఎంతది? సాయంత్రం డోసు మరిస్తే ఎట్లా? మల్లిక అడగమనేది, బీరప్ప అడిగేవాడు. అడిగిన ప్రతిసారీ వెంట ఒక ఎత్తిపొడుపు పోయేది, ఒకటి వచ్చేది. రెంటినీ అతను గొణుక్కుంటూ మోసేవాడు.

ఇరవయ్యో రోజున మబ్బు పట్టింది.

"వానొచ్చేటట్టున్నది. స్కూటీ జర నెమ్మదిగ నడపమను," అన్నాడు పరమేష్.

"గిది కుక్కకేం సంబంధం?"

"మేడం పడితే కుక్కకు మందెవలేస్తరు మామా?"

బీరప్ప గడప దగ్గర ఆగిపోయాడు. నిన్నటిదాకా పెద్దనాయిన. ఈరోజు మామ. పెద్దనాయిన కూతురైతే చెల్లె. మామ కూతురైతే కాదు.

ఇరవై రోజులుగా తాను ఏం మోస్తున్నాడో అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం మల్లిక హెల్మెట్ తియ్యకముందే అడిగింది. "ఇయ్యాల ఏమన్నడు బాపూ?"

"మామ అన్నడు."

హెల్మెట్ తియ్యడానికి చాలాసేపు పట్టింది ఆమెకు. తీశాక వచ్చి బొగ్గు పక్కన కూర్చుంది.

"మనిషి మంచోడే. నాకూ మనసున్నది బాపూ, దాచుడెందుకు. కాని అమ్మ తెచ్చిన కుక్క ఇది. అడగక, చూడక గోలీ ఇచ్చిండు. రేపు ఇంట్ల పిల్లలకు గట్లనే ఇస్తే? మందుల కాడ తప్పు చేసినోన్ని నేను నమ్మలేను."

బీరప్ప లేచి, సీసా వంచి చెంచాలోకి టానిక్ పోశాడు.

నెల నిండింది. మల్లిక సెలవు పెట్టి వచ్చింది. రక్తం చూసి డాక్టర్, "కార్జం కుదుటపడ్డది," అన్నాడు. బయటికి వచ్చారో లేదో వాన దంచింది. పరుగెత్తితే దొరికిన నీడ పరమేష్ రేకుల పంచ. అప్పటికే అక్కడ ఒక ముసలమ్మ మేకతో నిలబడి ఉంది.

బొగ్గు ఒళ్లు దులిపింది. నీళ్లు సగం మల్లిక మీద, సగం పరమేష్ మీద పడ్డాయి. అతను తువాలు ఇచ్చాడు. ఆమె తీసుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, వెంటనే వాన వైపు చూశారు.

"మేడం, ఒక మాట..."

"వద్దు. నువ్వేం అడుగుతవో నాకు తెలుసు. గా గోలీలు ఇయ్యకపోయి ఉంటే..." ఆమె తువాలు మడిచింది. "గది ఒక్కటి లేకుంటే బాగుండు."

బీరప్ప ఎదురుచూశాడు. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాడు. ఎవడైనా చెబుతాడు. పరమేష్ తల వంచుకుని, "అవు మేడం," అన్నాడు. అంతే.

"గోలీలు నేనేసిన," అన్నాడు బీరప్ప.

రేకుల మీది వాన చప్పుడుకు ఎవరికీ వినపడలేదు.

"ఏంది బాపూ?"

"గోలీలు నేనేసిన!" అని అరిచాడు. "ఈ పిలగాడు వద్దన్నడు. నేనినలేదు. నేనే ఏసిన!"

"ఎవలకేసినవయ్యా?" అంది ముసలమ్మ, మేకను దగ్గరికి లాక్కుంటూ.

మల్లిక తండ్రి ముందుకొచ్చి నిలబడింది. "నాకెందుకు చెప్పలే బాపూ?"

"మీ అమ్మ తెచ్చిన కుక్క."

ఆమె తువాలు కొసతో తండ్రి తల తుడిచింది. గట్టిగానే తుడిచింది. తర్వాత పరమేష్ వైపు తిరిగింది.

"మరి నువ్వెందుకు చెప్పలే?"

"ఆ రోజు మీరు నన్ను చూసిన చూపు పెద్దనాయిన మీద పడొద్దనుకున్న. నేనంటే బయటోన్ని. తిట్లు తిని షటర్ దించుకుని పోత. ఆయన మీ ఇంట్లనే ఉండాలె కద."

"పెద్దనాయిననా?" అంది మల్లిక. "మామ అన్నవంట?"

పరమేష్ చెవులు ఎర్రబడ్డాయి. "మీరేదంటే అది మేడం."

"మామనే అను," అంది ఆమె, వాన వైపు చూస్తూ. "మేడం బంద్ చెయ్యి."

దసరా వెళ్లాక పరమేష్ తల్లి అమృతమ్మ పూలు, పండ్లు పట్టుకుని వచ్చింది. గడప దగ్గర బొగ్గు తోకాడిస్తే దానికీ ఒక బిస్కట్ పడేసింది. చాయ్ తాగుతూ, "అన్నా, వీళ్లిద్దరు ఎట్ల కలిసిన్రు? ఏదో గోలీల కత అంటున్నరు, జర చెప్పరాదు," అంది.

మల్లిక, పరమేష్ నవ్వు ఆపుకుంటూ బీరప్పను చూశారు.

బీరప్ప గ్లాసు కింద పెట్టాడు. "వానల నిలబడి రెండుసార్లు చెప్పిన. మేక కూడ ఇన్నది. ఇగ గా ముచ్చట నా నోట రాదు."

రాలేదు.