చివరి బల్ల దగ్గర తెల్లకోటు

ఆ స్కూలు కెమిస్ట్రీ ల్యాబ్‌లో చివరి బల్లకి మంచి పేరు లేదు. పట్టపగలు బల్లులు కూడా దాన్ని చుట్టుతిరిగి పోతాయట.

పక్కనే గోడకి కొక్కెం. కొక్కేనికి ఒక పాత తెల్లకోటు — కోటు మరిచిపోయి వచ్చినవాళ్ళ కోసం. రెండేళ్ళలో ముగ్గురు దాన్ని తొడుక్కుని ఆ బల్ల దగ్గర నిలబడ్డారు. ముగ్గురూ కోటు చేతి మీద ఎర్రటి అక్షరాలు పాకాయని గావుకేకలు పెట్టారు. ఒకడైతే ప్రహరీ దూకి, నాలుగు వీధులు దాటాక గానీ ఆగలేదట. తీరా పదిమందీ వచ్చి చూస్తే... ఏమీ లేదు.

ఆ కోటుని ఉతికిన పాపాన మాత్రం ఎవరూ పోలేదు.

ఇదంతా చిన్నదానికి తెలుసు. ఇంట్లో అందరూ అలానే పిలుస్తారు — చిన్నది. తెలిసీ ఆ సాయంత్రం అక్కడే నిలబడింది, కావలసిన సీసాలన్నీ ఆ బల్ల మీదే ఉన్నాయి మరి. తెల్లారితే ఫైనల్ పరీక్ష. చిటికెడు తెల్లపొడి చేతిలో పెట్టి ఇది ఏ లవణమో తేల్చమంటారు. నిరుడు తేల్చలేక తప్పింది. ఈసారీ తప్పితే అదే తరగతిలో మూడో ఏడు, తన మోచేతి దాకా రాని పిల్లల చేత అక్కా అని పిలిపించుకుంటూ.

సొంత అక్క రెండేళ్ళ కిందట ఇదే ల్యాబ్‌లో నూటికి నూరు తెచ్చుకుంది. ఆ మార్కుల గురించి అమ్మ పాలవాడికి కూడా చెప్పింది, రెండుసార్లు. కాస్త నేర్పవే అంటే అక్క ఎప్పుడూ ఒకటే మాట — నీ బుర్రకి ఎక్కదులే.

చిన్నది కోటు ఇంట్లో మరిచిపోయి వచ్చింది. కొక్కేనికి ఉన్నదే తొడుక్కుంది.

చీకటి పడ్డాక అటెండర్ తాళం వెయ్యడానికి వచ్చాడు. అతను ఆ బల్ల వైపు చూడనని ఒట్టు పెట్టుకున్న మనిషి. గుమ్మంలోనే మొహం తిప్పుకుని, బయట ఉన్న మెయిన్ స్విచ్ ఆపేశాడు.

"ఆగండి... నేనున్నా," అంది చిన్నది.

చీకట్లో, చివరి బల్ల దగ్గర్నుంచి ఆడపిల్ల గొంతు నేనున్నా అంటే ఎవడాగుతాడు? గేదెదూడంత తాళం ధడేలుమని పడింది. చెప్పుల చప్పుడు వీధి చివరిదాకా వినబడింది.

తలుపు బాదింది. అరిచింది. కిటికీలన్నిటికీ ఊచలు — పిల్లి కూడా దూరలేనివి. మిగిలిన వెలుగల్లా స్పిరిట్ దీపం ఒక్కటే, అదీ చివరి బల్ల మీద. అందులో స్పిరిట్ వేలెడు కూడా లేదు.

వేరే దిక్కులేక అక్కడికే వచ్చింది. దీపం దగ్గరికి లాక్కోబోతే మోచెయ్యి తగిలి ఏదో సీసా మూత ఊడింది. అమ్మోనియా. ఘాటుకి కళ్ళు, ముక్కు ఏకధారగా కారాయి. తడుముకుంటూ మూత పెట్టబోయింది...

కోటు కుడిచేతి అంచు మీద ఏదో కదిలింది.

గులాబీ రంగు. ఒక గీత... ఒక సున్నా... ఒక అక్షరం.

*నాకూ తాళం వేశారు.*

చిన్నది దీపం ఇంకాస్త దగ్గరికి లాగింది. చూస్తుండగానే అక్షరాలు పాలిపోయి — లేవు.

దీపం రెపరెపలాడింది. భయంతో ఎడమచేత్తో సీసాని గట్టిగా పట్టుకుంది. ఈసారి ఎడమచేతి మీద మొదలైంది... వరసలకి వరసలు, మోచేతి దాకా.

*సిల్వర్ నైట్రేట్ — తెల్ల అవక్షేపం. అమ్మోనియాలో కరిగితే క్లోరైడ్.*

ల, క, ర — అన్నిటికీ తోకలు. ఆ తోకల రాత చిన్నప్పట్నుంచి ఎరుగును. అక్క రాత! ఇంతకీ అక్కకేమైనా...

తాళం గలగలమంది.

గుమ్మంలో టార్చి పట్టుకుని అక్క. అమ్మ వెతకమని పంపిందట. వెనక అటెండర్, రెండు కళ్ళూ మూసుకుని. అక్క చూపు కోటు ఎడమచేతి మీద పడింది. ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఆ కోటు ఇటియ్యి," అంది గుసగుసగా. "ముందు ఇటియ్యవే."

దార్లో, కోటు చంకలో పెట్టుకుని, అక్క నిజం కక్కింది. ఫినాల్‌ఫ్తలీన్‌తో రాస్తే ఎండాక కనబడదు. అమ్మోనియా ఘాటు తగిలితే గులాబీ రంగు తేలుతుంది, ఘాటు పోతే మాయం. పరీక్షలో కాపీకి అలా రాసుకుని, అయ్యాక భయమేసి కోటు అక్కడే వదిలేసింది. నూటికి నూరు రహస్యం అదీ.

"అమ్మకి చెప్పకు."

"అయితే నేర్పు," అంది చిన్నది. "ఇప్పుడే. నా బుర్రకి ఎక్కేదాకా."

నేర్పింది. కోడి కూసేదాకా నేర్పింది. మర్నాడు చిన్నదానికి వచ్చింది క్లోరైడే. కళ్ళు మూసుకుని తేల్చేసింది.

ఆ సాయంత్రం ఇద్దరూ పెరట్లో బకెట్లో బట్టల సోడా కలిపి కోటు ముంచారు. అమ్మోనియాలాగే సోడాకీ అక్షరాలన్నీ ఒక్కసారిగా పూసినట్టు తేలాయి. అక్క ఆ కోటు ఎడమచెయ్యి బరబరా రుద్దింది. కుడిచెయ్యి తిప్పి... ఆగిపోయింది.

"ఈ తాళం మాట ఎప్పుడు రాశావే?"

చిన్నది నవ్వబోయింది. "నేనా? నన్ను జడిపించాలని నువ్వే కదా..."

"నేను ఎడమచేతి మీదే రాసుకున్నాను. కుడిచెయ్యి పరీక్ష రాయడానికి కావాలిగా."

ఇద్దరూ బకెట్లోకి చూశారు. ఆ అక్షరాలకి తోకల్లేవు.