మూడు అనగానే

బరువు మిషన్ మీద అంకె వణికి వణికి అరవై మూడు దగ్గర ఆగింది. మూడు నెలల కిందట డెబ్బై రెండు. తొమ్మిది కిలోలు! ఇంకొకరైతే ఇల్లు పీకి పందిరేసేవారు. ఆ ఇంటి కోడలు మాత్రం మిషన్ దిగి, దాన్ని కాలితో మంచం కిందికి తోసి, వంటింట్లోకి నడిచింది. సంతోషం కలగలేదు. దిగులూ లేదు. ఈమధ్య ఆమెకి ఏదీ కలగడం లేదు.

అత్తగారికి రెండు గుడ్లు ఉడకబెట్టింది, గ్లాసుడు పాలు వెచ్చబెట్టింది. తనకి సగం కీరా కోసుకుంది. కిటికీలోంచి పక్కింటి ఎర్ర కుక్క మొరుగుడు వినిపించింది. రోజూ సరిగ్గా ఈ వేళకే అది అత్తగారి గది కిటికీ కిందికొచ్చి, చుట్టం వచ్చినంత హడావుడి చేస్తుంది. దాని యజమాని గడియారాలు బాగుచేసే మనిషి. "నేను పెట్టేది పిడికెడు. ఇదేమో గాలి పీల్చి లావెక్కుతోందమ్మా!" అని మొన్న గుమ్మం దగ్గర వాపోయాడు. నవ్వాల్సిన మాటే. కోడలికి నవ్వు రాలేదు.

అత్తగారు నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. వీధిలో పిల్లల గౌన్ల నుంచి పెద్దల కోట్ల దాకా ఆవిడ చేతిమీద తయారైనవే. ఏడు నెలల కిందట మెట్టు జారి తుంటి ఎముక విరిగింది. లోపల కడ్డీ వేసి బిగించిన డాక్టరు, "ఎముక అతుక్కుంది. కాళ్ళలో బలమొస్తే కర్ర పట్టుకుని నడుస్తారు" అన్నాడు. ఆ బలం రానేలేదు. కొడుకు దూరపు బస్సుల డ్రైవరు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే. కాబట్టి మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాల గదికి, మళ్ళీ మంచం మీదికి ఎత్తే పనంతా కోడలిది. అది అయ్యాక కళ్ళద్దాల దుకాణంలో తొమ్మిది గంటల ఉద్యోగం.

మూడు నెలల కిందట నడుం పట్టేసింది. చూసిన డాక్టరు రెండే ముక్కలు చెప్పాడు: కొవ్వు తగ్గాలి, నడుంలో, కాళ్ళలో కండ పెరగాలి. సరేనని దుకాణం వెనక సందులో ఉన్న జిమ్‌లో చేరింది. ఆ జిమ్ నడిపే ఆవిణ్ణి అందరూ బస్తాలక్క అంటారు. వయసులో ఉన్నప్పుడు గోదాములో మగవాళ్ళతో సమానంగా బస్తాలు మోసిందట. నోరు కూడా ఆ గోదాములో పెరిగిందే.

"పొద్దున్న ఏం తిన్నావే?" అని నిన్న అడిగింది.

"కీరా ముక్కలు."

"మధ్యాహ్నం?"

"కీరా ముక్కలే అక్కా. సాయంత్రం సూపు."

"కుందేలుకి కూడా చాలదు కదే తల్లీ! నెల కిందట ముప్పై కిలోలు ఎత్తినదానివి, ఇవాళ ఇరవైకే చేతులు వణికిపోతున్నాయి. కొవ్వు తగ్గాలంటే తిండి కాస్త తగ్గించమన్నాను, పొయ్యి ఆర్పేయమన్నానా? ఒకపక్క బరువులెత్తుతూ ఇంకోపక్క కడుపు మాడ్చుకుంటే, ఒళ్ళు కొవ్వుతోపాటు కండనీ తినేస్తుంది. గుడ్లు తిను, చేపలు తిను, శనగలు తిను."

"తగ్గుతున్నాను కదక్కా."

"తగ్గుతున్నావు. తగ్గేది ఏదో ఆ మిషన్ చెప్పదు."

కోడలు తలూపింది, అంతే. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. ఏం చేస్తుంది పాపం! రోజంతా తను ఎంత లాగినా ఇంట్లో ఏదీ ఒక్క అంగుళం కదలదు. అత్తగారు లేవరు, మొగుడి డ్యూటీలు మారవు, నడుం నొప్పి పోదు. తను చెప్పినట్టు వినేది ఆ మిషన్ మీది అంకె ఒక్కటే. దాన్నెలా వదులుకుంటుంది?

పళ్ళెం అత్తగారి చేతికిచ్చి, తను బట్టలు మార్చుకుని వచ్చేసరికి పళ్ళెం ఖాళీ. కుక్క కూడా నోరు మూసింది.

"తిన్నారా అత్తయ్యా?"

"ఆ, తిన్నానమ్మాయ్. నువ్వు?"

"తిన్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అత్తగారి మెడలో పాత కొలతల టేపు వేలాడుతోంది. కుట్టడం మానేసి ఏడు నెలలైనా అది మాత్రం తియ్యదు. కోడలు మంచం పక్కన వంగి, ఆవిడ చంకల కింద చేతులు వేసింది. లెక్క పెట్టడం మొదటినుంచీ అత్తగారి వంతు.

"ఒకటి... రెండు... మూడు!"

మూడు అనగానే కోడలు ఎత్తింది. ఇదే ఆమెకి అంతుపట్టని విషయం. ఆవిడ చూస్తే రోజురోజుకీ చిక్కిపోతోంది, ఎత్తితే మాత్రం రోజురోజుకీ బరువెక్కుతోంది. కావాలనే బరువంతా నామీద వదిలేస్తోంది అనుకుంది కోడలు. అలా అనుకున్నప్పుడు కూడా కోపం రాలేదు. ఒక విషయం తెలిసినట్టు తెలిసింది, అంతే.

ఆ వేళ సగం లేచాక కోడలి మోకాళ్ళు వణికాయి. కళ్ళ ముందు చీకటి కమ్మింది. చేతులు వాటంతట అవే వదులైపోయాయి. అత్తగారు మంచం అంచు మీంచి జారి, దబ్బుమని నేల మీద కూలబడింది. కోడలు కూడా పక్కనే కూర్చుండిపోయింది.

"దెబ్బ తగిలిందా అత్తయ్యా?"

"లేదమ్మాయ్. నీకు?"

"లేదు."

లేవడానికి ఇద్దరికీ శక్తి లేదు. పావుగంట అలాగే కూర్చున్నారు. చివరికి అత్తగారు కేకేస్తే గడియారాల ఆయన పరుగెత్తుకొచ్చి, కోడలితో కలిసి ఆవిణ్ణి మంచం మీదికి చేర్చాడు. వెళ్తూ వెళ్తూ కోడలి మొహం చూసి, "నువ్వూ కాస్త పడుకోమ్మా" అన్నాడు.

రాత్రి పదకొండింటికి కొడుకు డ్యూటీ దిగి ఇంటికొచ్చాడు. సంగతి విని, బూట్లు కూడా విప్పకుండా తల్లి మంచం పక్కన కుర్చీలో కూలబడ్డాడు.

"ఎన్నిరోజులు ఇలా? మొన్న నేను అడిగి ఉంచిన వృద్ధుల హోములో ఒక మంచం ఖాళీ అయిందట. రేపు పొద్దున్న ఫోన్ చేస్తామన్నారు. ఔనో కాదో చెప్పాలి. నాకు మాత్రం ఇష్టమా అమ్మా? రేపు మళ్ళీ పడితే? ఆ కడ్డీ కదిలితే?"

అత్తగారు టేపు కొసని వేలికి చుట్టుకుంటూ, "పంపెయ్యరా" అంది.

"ఏమంటావు?" అని అతను భార్యవైపు తిరిగాడు.

అప్పుడు కోడలు నోరు విప్పింది. అరవలేదు, ఏడవలేదు. దుకాణంలో కళ్ళద్దాల నంబరు చదివినట్టు చదివింది.

"ఎత్తినప్పుడల్లా అత్తయ్య బరువంతా నామీదే వదిలేస్తున్నారండీ. కాలు కూడా ఆనించరు. కావాలనే చేస్తున్నారు. ఇంక నాకు చేతకాదు."

"కావాలనా?" అంది అత్తగారు. "నేనా అమ్మాయ్?"

కోడలు దుప్పటి అంచు సర్దింది.

"అయితే పంపేద్దామంటావా?" అని అడిగాడు అతను.

"మీ ఇష్టం."

పదేళ్ళు ఒక కప్పు కింద బతికిన మనిషి గురించి చెప్పిన మాట అది. రెండే ముక్కలు! తిట్టినా ఇంతకంటే నయం. అత్తగారు మెల్లగా గోడవైపు తిరిగి పడుకుంది. కోడలు ఆ వీపునే చూస్తూ నిలబడింది. తప్పు చేశానని తెలిసింది గానీ మనసులో చీమ కుట్టినట్టైనా లేదు. నాకేమైంది అని మాత్రం మొదటిసారి భయపడింది.

మర్నాడు పొద్దున్నే తలుపు దడదడలాడింది. తీస్తే బస్తాలక్క!

"జిమ్‌కి ఇంక రానని గడియారాల ఆయనతో కబురు పంపుతావా? మీ అత్తని కింద పడేశావట? తప్పుకో, నేను చూస్తాను." లోపలికొచ్చి, కొడుకుని పక్కకి జరగమని, తిన్నగా మంచం దగ్గరికెళ్ళింది. దుప్పటి కాస్త తొలగించి, అత్తగారి తొడ చేత్తో తడిమి చూసింది.

"అమ్మా, ఆ టేపు ఓసారి ఇవ్వండి."

తొడ చుట్టూ చుట్టి చూసింది. "పద్నాలుగు అంగుళాలు. ఇది తొడా, నా చెయ్యా? రోజూ ఏం తింటున్నారమ్మా మీరు?"

"పొద్దున్న రెండు గుడ్లు, పాలు. మధ్యాహ్నానికి చేప వండి మూతపెట్టి వెళ్తుంది మా కోడలు. దానికేం లోటు చెయ్యదు" అంది అత్తగారు.

"అవన్నీ తినేవాళ్ళ కాలా ఇది?"

సరిగ్గా అప్పుడు కిటికీ కింద కుక్క మొరిగింది. కోడలు కిటికీ వైపు చూసింది. మంచానికి ఆనుకున్న ఆ కిటికీ గట్టు మీద గుడ్డు పచ్చసొన పొడిపొడిగా అంటుకుని ఉంది. కింద ఆ ఎర్ర కుక్క తోక ఊపుతూ, నిగనిగలాడుతూ, పీపాలాగ నిలబడి ఉంది. మూడు నెలలు పొద్దున్నే లేచి ఉడకబెట్టిన గుడ్లన్నీ అక్కడున్నాయి!

"అత్తయ్యా!"

అత్తగారు దొంగతనం పట్టుబడ్డ చిన్నపిల్లలాగ దుప్పటి మీదికి లాక్కుంది.

"ఎందుకు అత్తయ్యా? బాగా వండలేదా?"

"అయ్యో, అది కాదమ్మాయ్. నీకు నడుం పట్టేసినరోజు చూశాను. గోడ పట్టుకుని నిలబడి, నాకు వినపడకుండా మూలిగావు. ఈ ముసలి బరువు కొంచెం తగ్గితే పిల్లకి తేలికవుతుంది కదా అనుకున్నాను. పారేస్తే నీ కంటబడుతుంది. అందుకని దానికి వేసేదాన్ని. కాలు ఆనిస్తే నిన్ను తోసేస్తానేమోనని భయం. ఊపిరి బిగబట్టి, కాళ్ళు కదపకుండా ఉండేదాన్ని. నువ్వేమో బరువు వదిలేస్తున్నానన్నావు..."

కొడుకు తల దించుకున్నాడు.

బస్తాలక్క మంచం అంచున కూర్చుంది. ఈసారి మెల్లగానే చెప్పింది. "అమ్మా, బస్తా తనంతట తాను లేవదు గనక మోసేవాడికి బరువు. మనిషి అలా కాదు. కాళ్ళతో కాస్త తోస్తే సగం బరువు మనిషే మోసుకుంటుంది. మీరు తిండి మానేసి కండ పోగొట్టుకున్నారు, ఆ సగం కూడా ఈ పిల్ల నెత్తినే పడింది. ఈ తెలివిగలదేమో సన్నబడాలని తిండి మానేసి, తన సగం కూడా పోగొట్టుకుంది. దొందూ దొందే!"

అత్తగారు టేపు అందుకుని, "చెయ్యి ఇటివ్వమ్మాయ్" అంది. కోడలి దండచేతికి చుట్టి చూసింది. "పదకొండు. నిరుడు నీ పుట్టినరోజు జాకెట్టుకి పన్నెండున్నర తీశాను. జాకెట్టు చేతులు వదులవుతున్నాయని నాకు కళ్ళకే తెలుస్తోంది. చెప్తే ఏమనుకుంటావోనని ఊరుకున్నాను."

ఆ వేళ్ళు సన్నగా, వెచ్చగా, దండ చుట్టూ ఉన్నాయి. ఏడు నెలలుగా తను ఆవిణ్ణి రోజుకి ఆరుసార్లు పట్టుకుంటోంది. ఆవిడ తనని పట్టుకున్నది మాత్రం ఇన్నాళ్ళలో ఇదే మొదటిసారి.

అప్పుడే ఫోన్ మోగింది. కొడుకు తెర మీద పేరు చూసి, "హోమువాళ్ళు" అన్నాడు. ఎత్తకుండా భార్యని చూశాడు. నిన్న అడిగిన ప్రశ్నే కళ్ళతో మళ్ళీ అడిగాడు.

కోడలు చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది.

"ఆ మంచం ఇంకెవరికైనా ఇవ్వండి. మా అత్తయ్యని పంపం." అవతల ఏదో అడిగారు. "లేదండీ, ఇంకెవర్నీ అడగక్కర్లేదు. నేను చెప్తున్నాను."

ఫోన్ పెట్టేసి, అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని భోరుమంది. ఏడు నెలల ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. "మీ ఇష్టం అన్నాను అత్తయ్యా... నోరెలా వచ్చిందో నాకు..." అత్తగారు ఆమె జుట్టు నిమురుతూ, "ఆకలే అలా మాట్లాడిస్తుందమ్మాయ్. కడుపు ఖాళీగా ఉంటే మనసులోకి మాత్రం ఏమొస్తుంది?" అంది. ఆవిడ కళ్ళూ కారుతూనే ఉన్నాయి.

"ఏడుపులు తర్వాత" అని బస్తాలక్క లేచింది, మొహం కొంగుతో తుడుచుకుంటూనే. "ఒరే అబ్బాయ్, గుడ్లు ఉడకబెట్టు. నాలుగు! సెలవురోజుల్లో వంట ఇకమీదట నీదే."

కొడుకు మారు మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళాడు. అత్తాకోడళ్ళిద్దరూ ఒక పళ్ళెంలోనే తిన్నారు. కోడలు గుడ్డు నమిలింది. ఉప్పు రుచి నాలుకకి తగిలింది. ఎన్నాళ్ళకో తిండికి రుచి ఉందని గుర్తొచ్చింది.

తర్వాత బస్తాలక్క చెప్పినట్టే చేశారు. కోడలు అత్తగారి నడుముకి గట్టి బెల్టు చుట్టి పట్టుకుంది, వీపు నిటారుగా ఉంచి మోకాళ్ళు వంచింది. అత్తగారు పాదాలు నేలకి ఆనించి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేలా ముందుకి వంగింది.

"ఒకటి... రెండు..." అని అత్తగారు ఆగింది. "భయంగా ఉందమ్మాయ్."

"నేనున్నానుగా అత్తయ్యా" అని, "మూడు" కోడలే అంది.

మూడు అనగానే అత్తగారి కాళ్ళు నేలని తోశాయి. గట్టిగా ఏం కాదు, చంటిపిల్ల తోసినంత. కోడలి చేతుల్లో బరువు ఆ కాస్తా తగ్గింది. ఏ మిషనూ చూపించలేని తగ్గుదల అది, ఆమె చేతులకి తెలిసింది. మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఇద్దరూ నిలబడ్డారు. మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ లేచారు.

కిటికీ కింద కుక్క ఆ పూట చాలాసేపు మొరిగింది. ఎవరూ కిటికీ తెరవలేదు.