జవాబివ్వని గేటు

బొగ్గుల పొయ్యి మీద మొక్కజొన్న జావ కుతకుతలాడుతోంది. వంటమనిషి మిర్లాంద్ అందులో దాల్చినచెక్క వేసి గరిటె తిప్పుతోంది. పిల్లలు పదకొండు మందీ వరండాలో కూర్చుని గిన్నెలు వాయిస్తున్నారు. వెరోనా ఒక్కొక్కరినీ దగ్గరకు తీసుకుని చిక్కులు తీసి జడలు అల్లుతోంది. జమైకా నుంచి పాస్టరైన భర్త లిన్‌వాల్‌తో కలిసి హైతీ కొండల్లో ఈ పిల్లల ఇల్లు నడపడానికి వచ్చిన నాటి నుంచి ఆమె ఉదయాలన్నీ ఇలాగే మొదలవుతాయి.

"గౌరవం!"

గేటు బయట ఎవరో ఆడమనిషి పిలిచింది. వెరోనా చేతిలో దువ్వెన ఆగిపోయింది. ఆమె పెదాల మీద వేలు పెట్టుకోగానే పిల్లలంతా బిగుసుకుపోయారు. గిన్నెల మోత ఆగిపోయింది.

ఆ కొండల్లో ఎవరింటికి వెళ్ళినా ముందు గేటు బయట నిలబడి 'గౌరవం' అనాలి. లోపలివాళ్ళు 'మన్నన' అని బదులిస్తేనే అడుగు లోపల పెట్టాలి. బదులు రాకపోతే రావద్దన్నట్టే. గంజికి గతి లేనివాళ్ళు కూడా ఆ ఒక్క మాటకు లోటు చెయ్యరు. కానీ తుపాకుల మూక దిగువ ఊరిని ఆక్రమించుకున్న రోజు నుంచి, ఎవరు పిలిచినా పలకవద్దని వెరోనా గట్టిగా చెప్పేసింది.

కాసేపటికి అడుగుల చప్పుడు దూరమైంది.

"మూడు రోజుల్నుంచి అదే గొంతు" అంది వెరోనా, గుండె మీద చెయ్యి వేసుకుని. "లోపల ఎంతమందిమి ఉన్నామో చూసి రమ్మని వాళ్ళు పంపిన మనిషేమో!"

"తుపాకీ పట్టినోడు గౌరవం, మన్నన అంటాడా పాస్టరమ్మా? గేటు తంతాడు" అంది మిర్లాంద్. "పిలిస్తే పలకనిది శవాలున్న కొంపే. మనమింకా బతికే ఉన్నాంగా?"

"బతికుండాలనే ఈ తిప్పలన్నీ. మెల్లగా మాట్లాడు!"

మిర్లాంద్ చల్లార్చి అందించిన జావ గిన్నె ఠంగుమని కింద పడింది. ఏడేళ్ళ కెర్లీన్ ఒళ్ళంతా జావ. ఆ పిల్ల దాన్ని తుడుచుకోలేదు. గేటు వైపు చూస్తూ వణికిపోతోంది. వెరోనా పరుగున వెళ్ళి ఎత్తుకుంది. మూడు రోజులుగా అంతే, తిండి లేదు, నిద్ర లేదు. అడిగితే నోరు విప్పదు. ఇంట్లో అందరి భయమూ పసిదానికి అంటుకుందనుకుంది వెరోనా.

ఇంతలో పెరటి తలుపు తోసుకుని లిన్‌వాల్ వచ్చాడు. ఫోను సిగ్నల్ అందుతుందని తెల్లవారుజామునే ఎగువ చర్చి దాకా వెళ్ళాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మనల్ని ఇక్కడికి పంపిన మిషన్ వాళ్ళు రేపు పొద్దున తీరానికి పడవ పంపుతున్నారు" అన్నాడు. "మనిద్దరికీ చోటుంది. కెర్లీన్ దత్తత కాగితాలు సగం అయ్యాయి కాబట్టి దాన్నీ తీసుకురావచ్చన్నారు."

"దేవా, నీకు స్తోత్రం!" అనేసింది వెరోనా.

లిన్‌వాల్ ఆమెకేసి వింతగా చూశాడు. "దేనికి స్తోత్రం? మిగతా పదిమందినీ మనం వదిలిపోతున్నందుకా?"

"నేనలా అన్లేదు."

"ఇప్పుడే అన్నావు వెరోనా. విన్నాను."

"విన్నావా? అయితే ఇదీ విను. నాకు భయంగా ఉంది! కుక్క మొరిగితే ప్రాణం గొంతులోకి వస్తోంది. అందర్నీ కాపాడే శక్తి నాకు లేదు. ఒక్కదాన్నయినా దక్కించుకోనీ. కడుపు పండని దాన్ని..."

"ఆ పదిమందీ నీ కడుపున పుట్టలేదు సరే, ఇది పుట్టిందా?"

ఆ మాట ఎంత కోసిందో అన్న తర్వాత గానీ అతనికి తెలియలేదు. వంటింట్లోంచి మిర్లాంద్ గొంతు వినిపించింది. "ప్రళయం వచ్చినప్పుడు నోవహు జంతువుల్నైనా జతలు జతలుగా ఓడ ఎక్కించుకున్నాడు. మీ పడవలో పిల్లలకే చోటు లేకపోయిందా పాస్టరుగారూ?"

"నువ్వు ఊరుకో!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"గౌరవం!"

మళ్ళీ అదే గొంతు. ఈసారి గేటును ఆనుకునే నిలబడి పిలిచినట్టుంది. కెర్లీన్ రెండు చెవులూ మూసుకుని కెవ్వుమంది.

"నేను పలకను! పలకనంటే పలకను! అమ్మని పొమ్మను వెరోనమ్మా!"

"ఏ అమ్మని?"

"మా అమ్మనే. చచ్చిపోయిందని చెప్పావుగా? నన్ను తీసుకుపోడానికొచ్చింది. చచ్చినవాళ్ళు పిలిస్తే పలక్కూడదంట, పలికితే మనల్నీ తీసుకుపోతారంట!"

వెరోనా పిల్లను లిన్‌వాల్ చేతుల్లో పెట్టి గేటు దగ్గరికి నడిచి, రేకుల సందులోంచి చూసింది. నెత్తిన మూట, ఎండకు వాడిన ముఖం, తెగిన చెప్పులు. గెర్డా! పక్క దేశపు చెరకు తోటల్లో వంటపనికని సరిహద్దు దాటుతూ, ఐదేళ్ళ కూతుర్ని తీసుకొచ్చి తన చేతుల్లో పెట్టిన గెర్డా. మిర్లాంద్ పనిలో చేరింది నిరుడే కాబట్టి ఆ గొంతు ఎరగదు. కానీ తను? మూడు రోజులుగా వింటూ పోల్చుకోలేకపోయిందా? పోల్చుకోవడానికే భయపడిందా?

"ఎవరు?" వెనక నుంచి మెల్లగా అడిగాడు లిన్‌వాల్.

తెలీదు అంటే చాలు. కాసేపు చూసి ఆమే వెళ్ళిపోతుంది. రేపు పడవ వస్తుంది, పిల్ల తనదవుతుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. భర్త భుజం మీద కెర్లీన్ పళ్ళు టకటక కొట్టుకోవడం అక్కడికీ వినిపిస్తోంది. ఈ వణుకు పడవెక్కితే పోతుందా? కన్నతల్లి గొంతుకు జడుస్తూ బతుకంతా ఈడుస్తుందా ఈ పిల్ల?

"మన్నన" అంది వెరోనా. గడియ తీసింది.

గెర్డా లోపలికి వచ్చి, నిలబడలేక గోడకు ఆనుకుంది. "ఇవాళ కూడా పలక్కపోతే వెళ్ళిపోదామనుకున్నాను. పిల్లని వదిలేసి పోయినదాని ముఖం చూడ్డం మీకిష్టం లేదేమో అనుకున్నాను."

"రెండేళ్ళు గెర్డా! ఒక్క కబురైనా లేదు!"

"అవతల పట్టుకుని జైల్లో వేశారు. ఉన్నదంతా లాక్కున్నారు. ఎవరి చేత కబురు పెట్టను?" అంటూ గెర్డా ఇంటి వైపు చూసింది. "అన్నం తింటుందని దాన్ని మీ చేతిలో పెట్టాను పాస్టరమ్మా. ఇచ్చేయలేదు."

ఆమె రెండడుగులు వేసేసరికి కెర్లీన్ లిన్‌వాల్ మెడను గట్టిగా కావలించుకుని మళ్ళీ అరిచింది. గెర్డా ఉన్నచోటే ఆగిపోయింది.

వెరోనా వెళ్ళి పిల్లను దింపి, దాని ముందు మోకరిల్లింది.

"మీ అమ్మ చచ్చిపోలేదు తల్లీ. నేనే తప్పు చెప్పాను."

"పరలోకంలో తెల్లగౌను వేసుకుందన్నావు. చూశావా?"

"చూళ్ళేదు."

"మరెందుకు చెప్పావు?"

"నువ్వు గేటు దగ్గరే కూర్చుని అన్నం మానేశావు. నువ్వూ పోతావేమోనని భయమేసింది. ఆ భయంలో ఏదో ఒకటి చెప్పేశాను." ఏడుపు ముంచుకొచ్చింది. తన భయానికి ఒక తల్లిని బతికుండగానే పాతిపెట్టింది. అంతా విన్న గెర్డా కళ్ళు మూసుకుంది.

కెర్లీన్‌కు ఇంకా నమ్మకం కుదరలేదు. మిర్లాంద్ కొంగు పట్టుకుని లాగింది. "అత్తా, చచ్చినవాళ్ళు ఉప్పు తినరుగా?"

"నోట పెట్టలేరు. ఏ ముసలమ్మనడిగినా చెబుతుంది."

పిల్ల వంటింట్లోకి పరుగెత్తి, గుప్పెడు కల్లుప్పు తెచ్చి చెయ్యి చాచింది. దగ్గరికి వెళ్ళకుండా వీలైనంత దూరం నుంచే చాచింది. గెర్డా నేల మీద కూర్చుని ముందుకు వంగి, ఆ చిన్న అరచేతిలోంచి ఉప్పు నోట వేసుకుంది. నమిలింది. కన్నీళ్ళు చెంపల మీదుగా పెదాల మీదికి జారుతున్నా తుడుచుకోకుండా మింగింది.

"ఇంకొంచెం తిను" అంది కెర్లీన్. గెర్డా తిన్నది. పిల్ల వేలితో ఆమె గొంతును తడిమి చూసి, ఆ తర్వాత చెంపను ముట్టుకుంది.

మిర్లాంద్ గెర్డాను వరండాలో చాప మీద కూర్చోబెట్టి, జావ గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. గెర్డా రెండు గుక్కలు తాగి, "శిఖరం అవతల మా అన్నయ్య ఊరుంది. ప్రశాంతంగా ఉంది. నేనొచ్చింది గాడిదల దారిన. ఎక్కడా తుపాకీ కనబళ్ళేదు. పిల్లలందర్నీ తీసుకెళ్ళొచ్చు. అది చెబుదామనే రోజూ వచ్చాను" అంది.

లిన్‌వాల్ మెట్ల మీద కూలబడ్డాడు. "మూడు రోజులు దేవుణ్ణి గేటు బయట నిలబెట్టాం!"

"ప్రసంగం ఆదివారం చెబుదురుగాని, ముందు గిన్నెలు మూట కట్టండి" అంది మిర్లాంద్.

"పడవవాళ్ళకి ఏం చెప్పను?" అన్నాడతను, భార్య వైపు చూస్తూ.

"మేం పదమూడు మందిమి రావట్లేదని చెప్పు."

అంతలో దిగువ ఊళ్ళోంచి తుపాకులు పేలాయి, వెంట వెంటనే. పిల్లలు చాపల మీద పడుకుని తలలు దాచుకున్నారు. అలవాటు కొద్దీ వెరోనా చేతులు చాచింది. కెర్లీన్ ఆమెను దాటుకుని వెళ్ళి గెర్డా ఒళ్ళో ముఖం దాచుకుంది.

వెరోనా చేతులు ఖాళీగా గాల్లోనే ఉండిపోయాయి. గెర్డా అది చూసింది. చాప మీద పక్కకు జరిగి, ఆ చేతుల్లో ఒకటి పట్టుకుని కిందికి లాగింది.

"రా అక్కా, కూర్చో" అంది. "దీనికి ఇంకా వణుకు తగ్గలేదు. ఆ పక్కనుంచి నువ్వు పట్టుకో."