పక్క సీటు బ్రేకు

పొద్దున్నే వంటింటి కిటికీలోంచి షెడ్డు వైపు చూసి తల్లి మొహం తిప్పుకుంది. తండ్రి అప్పటికే కారెక్కి కూర్చున్నాడు, స్టీరింగు ముందు కాదు, నేర్పేవాళ్ల కోసం ఇంకో బ్రేకు బిగించిన పక్క సీట్లో. జీవితమంతా డ్రైవింగ్ నేర్పిన మనిషి. చూపు మందగించిందని ఈసారి శిక్షకుడి లైసెన్సు మళ్లీ ఇవ్వలేదు.

"ఇవాళే కదే నీ పరీక్ష?" అంది తల్లి.

"అవునమ్మా. రాతపరీక్ష అయింది, కళ్లూ చూశారు. ఇక ఆఫీసరు ముందు ఒకరికి నేర్పి చూపించాలి. అదయి నాకు లైసెన్సు వస్తే మన డ్రైవింగ్ స్కూలు మూతపడదు. కారు కావాలి."

"మీ నాన్నతో నువ్వే చెప్పుకో. నేను ఆ షెడ్డు ఛాయలకు కూడా వెళ్లను."

ఎందుకో కూతురికి తెలుసు. రోజూ సాయంత్రం తను ముందుకు జరిపిన డ్రైవరు సీటు తెల్లారేసరికి బాగా వెనక్కి జరిగి ఉండేది. ఆ ఇంట్లో అంత పొడుగు కాళ్లు అన్నయ్యవే. నేర్చుకోవడం పూర్తికాకుండానే ఒంటరిగా ఇంకో కారు తీసుకెళ్లాడు. ప్రాణాలతో తిరిగి రాలేదు.

షెడ్డులోంచి తండ్రి గొంతు వినిపిస్తోంది. "మెల్లగా... క్లచ్ మెల్లగా వదలరా!"

ఇంజను ఆగి ఉన్న కారు ఒక్క కుదుపుతో ఊగింది. తాళంచెవి ఆమె గుప్పిట్లోనే ఉంది. అయినా షెడ్డులోకి నడిచింది.

"నాన్నా, దిగు. టైమవుతోంది."

"దిగను."

"లైసెన్సు లేనివాళ్లు ఆ సీట్లో కూర్చుని నేర్పకూడదని అందరికీ చెప్పేది నువ్వే కదా!" అరిచింది.

"నేర్పడానికి కాదే." ఆయన ఖాళీ డ్రైవరు సీటు వైపు చూశాడు. "నేను దిగితే వాడికి బ్రేకెవరు వేస్తారు? ఆరోజు పక్కన ఎవరూ లేకే కదా..."

ఆమె కోపం నీరుకారిపోయింది. తలుపు తీసి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నేను వేస్తాను నాన్నా."

ఆయన దిగాడు. ఆమె కూర్చుని పక్క సీటు బ్రేకు మీద కాలు పెట్టింది. లోపల చలిగా ఉంది.

"అన్నయ్యా, నేనున్నాను. కంగారుపడకు. మెల్లగా వదులు."

ఏ కాలూ లేకుండానే అట్టడుగుకి అణిగి ఉన్న క్లచ్ పెడలు కొంచెం కొంచెంగా పైకి లేచింది. ఈసారి కారు కదల్లేదు.

తండ్రి బానెట్ మీదకు వాలి వెక్కివెక్కి ఏడ్చాడు. "నేనెంత మొత్తుకున్నా వినలేదే వాడు! నీ మాట విన్నాడు."

తల్లి ఎప్పుడొచ్చిందో, ఆయన భుజం పట్టుకుని నిలబడింది. కళ్లు తుడుచుకుని, ఖాళీ సీటు వైపు వంగింది.

"చెల్లి బయల్దేరాలి నాన్నా. కాస్త వెనక్కెళ్లి కూర్చో."

ఎవరూ ముట్టుకోని వెనక తలుపు తెరుచుకుని, చప్పుడు లేకుండా మూసుకుంది.