ఇరవై అంకెల తాళం

"కంట్రోల్ సెంటర్‌లో శత్రువుల ముఠా పెట్టిన తాళం తెరవకపోతే, మధ్యాహ్నం పన్నెండుకి ఆ ప్రాంతంలోని ఆసుపత్రులన్నిటికీ కరెంటు పోతుంది. జనరేటర్లు కూడా ఆగిపోతాయి. ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నవాళ్ల సంగతి ఆలోచించు," అన్నాడు చీఫ్ వెంకటరామారావు. "లోపల సిగ్నల్ ఉండదు. నీ చెవిపోగు మాటలు రికార్డ్ చేస్తుంది, అంతే."

"చాలు సర్," అంది ఏజెంట్ పూజిత.

పార్సిల్ డెలివరీ యూనిఫామ్‌లో ఆమె జర్మనీలోని జిండెల్ఫింగెన్ శివార్లలో ఉన్న కరెంటు కంట్రోల్ సెంటర్‌కి చేరింది. గేటు దగ్గర గార్డు ఫోన్ తీసేసుకున్నాడు. పార్కింగ్‌లో ఒక ఎర్ర కారు ఉంది. నంబర్ ప్లేటు మీద 1881. దానికి ఆనుకుని, నల్లకళ్లద్దాలతో ఒక అందగత్తె.

"టెర్మిన్ దొరికిందా, డాక్టర్ అపాయింట్‌మెంట్?" అడిగింది పూజిత.

"దొరికింది. వచ్చే ఏడాదికి."

కోడ్ సరిపోయింది. ఆమె ఈషా. శత్రువుల ముఠాలో చేరి మనకోసం పనిచేస్తున్న హైదరాబాదీ.

ఇద్దరూ బేస్‌మెంట్‌లోకి దిగారు. స్క్రీన్ మీద ఒక సంఖ్య వెలుగుతోంది: 73081452644625418037. కింద ఒక్క ప్రశ్న: 'దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్య ఏది? ఒకటీ, ఇదే సంఖ్యా చెల్లవు. ఒకే అవకాశం.'

పన్నెండుకి ఇంకో రెండు నిమిషాలే ఉన్నాయి.

"అది ప్రధాన సంఖ్య," అంది ఈషా. "రెండుతో పోదు, మూడుతో పోదు, ఐదుతో పోదు. దేనితోనూ పోదు. తాళంచెవే లేని తాళం. పద, పారిపోదాం."

"నేను కదలను."

"పిచ్చా నీకు? మీ ఊరి బడి లెక్కలతో దీన్ని తెరుస్తావా?"

"తెరుస్తా."

పూజిత ఆ సంఖ్యను ముందు నుంచి చదివింది. వెనక నుంచి చదివింది. రెండూ ఒకటే. కారు నంబరు గుర్తొచ్చింది. అదీ అంతే.

"ఈ సంఖ్య ఎంచుకున్నది నువ్వే కదూ?"

ఈషా కళ్లద్దాలు తీసింది. చేతిలోకి పిస్తోలు వచ్చింది. "అవును. అందంగా లేదూ? ఇప్పుడు వెనక్కి జరుగు."

"జరగను. కాల్చుకో."

పూజిత చూపు స్క్రీన్ మీదే ఉంది. ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడింది. నలభై. మిగిలినవి కూడింది. మళ్లీ నలభై. తేడా సున్నా. అంటే పదకొండుతో పోతుంది!

పార్సిల్ పెట్టె ఈషా మొహం మీదికి విసిరింది. తూటా గోడకి తగిలింది. పూజిత 'ఒకటి' అంకె నొక్కింది, మళ్లీ ఒకటి నొక్కింది.

ఆఖరి సెకనులో స్క్రీన్ ఆకుపచ్చగా మారింది.

తూటా చప్పుడుకి గార్డులు దూసుకొచ్చి, పిస్తోలుతో ఉన్న ఈషాని పట్టుకున్నారు.

"పదకొండా?" ఆమె నమ్మలేకపోయింది. "అంత చిన్న సంఖ్యా?"

"సరిసంఖ్యలో అంకెలుండి, ముందు నుంచీ వెనక నుంచీ ఒకేలా ఉండే ఏ సంఖ్యైనా పదకొండుతో పోతుంది. ఊరి బడిలో చెప్పారు," అంటూ పూజిత చెవిపోగు సర్దుకుంది. "జైల్లో నీకో నంబర్ ఇస్తారు ఈషా. ఫ్యాన్సీది ఉందేమో అడిగి చూడు."