ఎరువిచ్చిన ముడిబిళ్ళ

సుంకులమ్మ సంగటిలోంచి మొదటి ముద్ద తీసి అరుగు కిందికి వేసింది. ఆమె కుక్క కరియ దాన్ని వాసన కూడా చూడలేదు. లేచి, ఒళ్ళు విదుల్చుకుని, వీధి చివరి వైపు నడిచింది.

వీధిలో మామూలు ఉదయమే. బడికి పోయే పిల్లల ముందు కుక్కలు నడుస్తున్నాయి. వేరుశనగ చేలల్లో పందులను తరిమి వచ్చిన కుక్కలు ఎవరి గుమ్మం ముందు అవి పడుకున్నాయి. ఊళ్ళో ఏ ఇంటికీ తాళం వేసే అలవాటు లేదు. ప్రతి మనిషి మెడలోనూ కుక్కముఖం చెక్కిన వెండిబిళ్ళ ఉంది. సుంకులమ్మ మెడ ఒక్కటే బోసిగా ఉంది.

"కరియా, యాడికి పోతావు? రా," అని పిలిచింది. కరియ చెవి కూడా కదపలేదు.

"ఇంగేం వస్తాది?" అంది అవ్వ, అరుగు మీద నుంచి. "బిళ్ళ ఇచ్చి పదిదినాలాయె. మా కాలంలో ముద్ద ఏస్తే కుక్క వచ్చేది. ఒగోసారి రాకపొయ్యేది గూడా. అది దాని ఇష్టం."

"మరి నీలక్కను అడుగుతానంటే నువ్వే కదా వద్దంటివి."

"పెండ్లికి ఎరువిచ్చిన సొమ్ము నోరు తెరిచి అడుగుతారా ఎవురన్నా? వాళ్ళే పసుపు కుంకుమ పెట్టి తెచ్చియ్యల్ల."

ముడిబిళ్ళను మొదట ఎవరూ నగ అనుకోలేదు. అందులో చిన్న యంత్రం ఉంటుంది. వేసుకున్న మనిషి గుండె చప్పుడును అది కుక్క చెవి వెనక నాటిన చెవిగింజకు పంపుతుంది. ఆ చప్పుడు ఎటునుంచి వస్తే కుక్క అటు పోతుంది, ఎవరిదైతే వారినే తన మనిషి అనుకుంటుంది. కొత్త గుండెకు ముడి పడటానికి తొమ్మిది రోజులు. ఒకసారి ఎరిగిన గుండె అయితే క్షణం చాలు. కంసాలులు దానికి వెండి ముఖం, ముత్యాల చెవులు పెట్టాక అది కాసులపేరు పక్కన చేరింది. కాసులపేరులాగే పెళ్ళిళ్ళకు ఎరువు పోయింది. పెద్దమ్మ కూతురు నీలావతి పెళ్ళిలో "నీ బిళ్ళ నా మెడకు నిండుగా ఉంటాది సుంకీ" అంటే, సుంకులమ్మ ఆలోచించకుండా తీసిచ్చింది.

సుంకులమ్మ పక్క ఊరిదాకా కరియ వెనకే నడిచింది. అది ఒక్కసారి కూడా ఆగలేదు.

నీలావతి అత్తగారింటి వసారాలో కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. సుంకులమ్మ గుమ్మం చేరేసరికి కరియ నీలావతి పాదం మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుని ఉంది. ఆరేళ్ళుగా సుంకులమ్మ చదువుకుంటుంటే ఆమె పాదం మీద అలాగే పడుకునేది. అది తనకూ కరియకూ మాత్రమే తెలిసిన సంగతి అనుకునేది సుంకులమ్మ.

"నేను పిల్చలేదే సుంకీ. అదే వచ్చె," అంది నీలావతి.

"తొమ్మిది దినాలు దాటితే ముడి మారుతాదని తెల్దా నీకు?"

నీలావతి చేతిలోని కాయను ఒలవలేదు, కింద పెట్టనూ లేదు.

"తెలుసు," అంది చివరికి. "మూడో దినమే బిళ్ళ పంపిద్దామనుకుంటి. ఈ ఇంట్లో నాతో మాట్లాడేటోళ్ళు ల్యారు. ముడి పడితే కరియన్నా తోడుంటాదని ఇంగొక్క దినం, ఇంగొక్క దినం అనుకుంటి."

"నాతో చెప్పింటే కరియను తీసుకోని నేనే వస్తుంటి కదక్కా."

"అడిగితే ఇయ్యవనుకుంటి."

చిన్నప్పుడు తన పూలు సగం చేసి సుంకులమ్మ జడలో పెట్టింది ఈ అక్కే. నీలావతి తల వంచి కొక్కెం విప్పింది. బిళ్ళ ఇంకా ఒంటి వేడితో ఉంది. సుంకులమ్మ దాన్ని మెడలో వేసుకుంది.

కరియ తల ఎత్తింది. తోక ఊపుతూ వచ్చి సుంకులమ్మ పాదం మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకుంది. నీలావతి వైపు చూడనైనా లేదు.

"ఏమే కరియా," అంది నీలావతి. చాపిన కాలు ఆమె ఇంకా వెనక్కి తీసుకోలేదు. "ఇప్పుడే గదే నా కాలి కాడ ఉంటివి."

పాదానికి అదే వెచ్చదనం, అదే బరువు. దీనికోసమే సుంకులమ్మ ఇంత దూరం నడిచి వచ్చింది. కానీ ఇందాక అక్క పాదం మీద ఉన్నదీ ఇదే. బిళ్ళ లేకుండా కరియ తన దగ్గరికి వచ్చిన రోజు ఒక్కటైనా ఉందేమోనని వెతుక్కుంది. కుక్కపిల్లను బుట్టలోంచి తీయకముందే నాన్న ఆమె మెడలో ఈ బిళ్ళ వేశాడు. ఆ తర్వాత నీలక్క పెళ్ళిదాకా అది మెడలోంచి దిగలేదు. దిగాక ఈ పది రోజుల్లో కరియ తనంతట వచ్చి పాదం మీద పడుకున్నది లేదు.

ఆమె బిళ్ళను తీసి, ఇద్దరి మధ్య గచ్చు మీద పెట్టింది.

కరియ లేచింది. సుంకులమ్మను చూడలేదు, నీలావతిని చూడలేదు. బిళ్ళ దగ్గరికి పోయి వాసన చూసింది. ఏ గుండె చప్పుడూ వినబడక, చెవులు నిక్కించి దాని ముందు కూర్చుంది.

"నువ్వే పెట్టుకో అక్కా."

"నాకొద్దే. ఇంగ నాకెందుకు? నువ్వే తీసుకోని పో."

సుంకులమ్మ గుమ్మం దిగింది. వెనక నుంచి నీలావతి రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది. ఊరు దాటి మట్టిబాట ఎక్కాక గాలికి ఎండుటాకులు కదిలాయి. మామూలుగా అయితే కరియ నడిచేటప్పుడు అలాంటి చప్పుడే వస్తుంది. తిరిగి చూడాలనిపించింది. చూస్తే బాట ఖాళీగా కనబడుతుందేమోనని, ఊరు చేరేదాకా మెడ తిప్పకుండా నడిచింది.